"ఒక్కదానికేం వండుకుంటానే" అంటోంది అమ్మ. దీనికి మందేంటి?

నల్లకుంట_అమ్మాయి | ఆదివారం, రాత్రి 10:40

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా అమ్మకి 71. హైదరాబాద్‌లో, నల్లకుంటలో మా పాత ఫ్లాట్లో ఒక్కతే ఉంటుంది. నాన్న పోయి పధ్నాలుగు నెలలు. నేను కొండాపూర్‌లో. పేరుకి ఒకే ఊరు, ఆదివారం పొద్దున్న తప్ప ఎప్పుడు బయల్దేరినా గంటన్నర. మా ఇంటికి వచ్చెయ్యమంటే "నా ఇల్లు, నా పాలబ్బాయి, నా గుడి" అంటుంది. ఆ వాదన నేను వదిలేశాను కాబట్టి "మీరే తెచ్చి పెట్టుకోండి" అని దయచేసి ఎవరూ రాయొద్దు.

ఇవాళ వెళ్ళి ఫ్రిజ్ తెరిచాను. ఒక గిన్నెలో పెరుగు, ఒక గిన్నెలో నిన్నటి అన్నం, వడలిపోయిన సొరకాయ ముక్క. సంక్రాంతికి నేను నింపిన కందిపప్పు డబ్బా వేలెడు కూడా తగ్గలేదు. ఆవకాయ, మాగాయ, గోంగూర, చింతకాయ మాత్రం నాలుగు జాడీలూ సగానికొచ్చాయి. ఎనిమిది నెలల్లో 58 కిలోల నుంచి 51కి వచ్చింది. హిమోగ్లోబిన్ 9.8, బి12 బాగా తక్కువ. "ఏం తింటున్నావే" అంటే "బానే తింటున్నా", "ఏం వండావే" అంటే "నా ఒక్కదానికేం వండుకుంటానే". ఇవే రెండు జవాబులు.

ప్రోటీన్ పౌడర్ కొనిచ్చాను. వాచ్‌మన్ వాళ్ళ పిల్లాడు పుష్టిగా తయారవుతున్నాడు. వంటమనిషిని పెట్టాను. తొమ్మిదో రోజు మాన్పించేసింది. "ఆవిడ నూనె పోసే తీరు చూడలేకపోయాను" అంది. ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?

ఉలవచారు | ఆదివారం, రాత్రి 11:05

మా అమ్మ సంగతి రాశారేమో అనుకున్నాను. తేడా ఒక్కటే, మాది మల్కాజిగిరి, పెరుగన్నం బదులు పాలూ బ్రెడ్డూ.

తార్నాక_డైటీషియన్ | ఆదివారం, రాత్రి 11:48

నల్లకుంట గారూ, ముందుగా ఒక మాట. ప్రయత్నించకుండా ఏడాది లోపల బరువులో 5 శాతం తగ్గితేనే డాక్టర్లు ఆగి చూస్తారు. మీ అమ్మగారు 12 శాతం తగ్గారు. "తిండి సరిగ్గా లేదు" అన్నది నిజమే కావచ్చు. కానీ థైరాయిడ్, షుగర్, క్షయ, ఇంకా పెద్ద జబ్బులు, దిగులు, పళ్ళు, వీటిలో ఏవీ కాదని తేలాక అనాల్సిన మాట అది. ముందు ఫిజీషియన్ దగ్గరకి తీసుకెళ్ళండి. పోషకాహారం చదివినదాన్నే చెబుతున్నాను, నా వంతు రెండోది.

ఇక మీరు చెప్పిన దాన్ని బట్టి ఆవిడ రోజు నేనే ఊహించి లెక్కేశాను. పొద్దున్నా సాయంత్రమూ కాఫీ, నాలుగు బిస్కెట్లు, మధ్యాహ్నం గుప్పెడు బియ్యం అన్నంలో పెరుగు, ఊరగాయ, రాత్రి మళ్ళీ అదే, లేకపోతే పాలూ అరటిపండూ. ఎంత సాగదీసినా ప్రోటీన్ 25 గ్రాములు దాటదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2020లో చెప్పిన లెక్క కిలో బరువుకి 0.83 గ్రాములు, అంటే ఆవిడకి 42. అరవై దాటాక కండ కరిగిపోకుండా ఉండాలంటే కిలోకి ఒక గ్రాము, ఆ పైన కొంచెం ఉన్నా మంచిదని చాలామంది నిపుణులు అంటారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి ఈ లెక్క వర్తించదు, అది డాక్టరే చెప్పాలి.

వయసుతో మనిషికి కావలసిన అన్నం తగ్గుతుంది. ప్రోటీన్, కాల్షియం అవసరం తగ్గదు. నెలసరి ఆగిపోయిన స్త్రీకి కాల్షియం రోజుకి 1200 మిల్లీగ్రాములని అదే ఐసీఎంఆర్ పట్టికలో ఉంది. కాబట్టి చిన్న కంచంలోనే ఎక్కువ సరుకు పట్టాలి. మన ఇళ్ళల్లో జరిగేది తిరగబడి ఉంటుంది. ముందు పప్పు మానేస్తారు, తర్వాత కూర, చివరికి మిగిలేది అన్నం.

కొన్ని ప్రశ్నలు. ఆవిడ మాత్రలేమిటి, ఏవి ఎప్పుడు వేసుకుంటారు? పళ్ళు ఎలా ఉన్నాయి? గుడ్డు తింటారా? ఇంకోటి, టైలరింగ్ టేపుతో పిక్క మధ్యలో, లావుగా ఉన్న చోట కొలవండి. ఆడవాళ్ళకి 33 సెంటీమీటర్లు తగ్గితే కండ తగ్గిందేమోనని అనుమానించమని ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో చెప్పింది.

నల్లకుంట_అమ్మాయి | సోమవారం, ఉదయం 7:15

మాత్రలు: థైరాయిడ్, బీపీ, గ్యాస్ మాత్ర (ఇది ఏడెనిమిదేళ్ళుగా), కాల్షియం. అన్నీ పొద్దున్నే కాఫీతో ఒక్కసారే. "పని అయిపోతుంది కదా" అంటుంది. గుడ్డు ముట్టదు. పళ్ళు కట్టుడువి, బాగానే ఉన్నాయంటుంది. పిక్క వచ్చే ఆదివారం కొలుస్తాను, ఫోన్‌లో అడిగితే తిట్టింది.

తార్నాక_డైటీషియన్ | సోమవారం, ఉదయం 8:02

అన్నీ ఒకేసారి కాఫీతోనా! థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్ళతో, కాఫీ కనీసం అరగంట తర్వాత, గంటైతే ఇంకా మంచిది. కాల్షియానికీ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. లేకపోతే థైరాయిడ్ మందు ఒంటికి పట్టదు. కాల్షియం మధ్యాహ్నం భోజనానికి మార్చండి.

గ్యాస్ మాత్ర ఏళ్ళ తరబడి వాడితే తిండిలోంచి బి12 గ్రహించడం తగ్గుతుంది. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకీ ఇదే ఇబ్బంది. పైగా కొందరికి వయసుతో కడుపులో ఆమ్లం కూడా తగ్గుతుంది. శాకాహారికి బి12 వచ్చే దారి పాలూ పెరుగే. ఆకుకూరలో, మొలకల్లో, బెల్లంలో బి12 ఉండదు, ఎవరెన్ని వీడియోలు పంపినా సరే. మీ అమ్మగారికి తిండితో ఇది పూడదు. ఇంజెక్షనా, మాత్రా అన్నది డాక్టర్ని అడగండి, గ్యాస్ మాత్ర ఇంకా అవసరమా అనీ అడగండి. మీ అంతట మీరు మాన్పించకండి.

ప్రకృతి_ప్రియుడు | సోమవారం, ఉదయం 9:30

ఇవన్నీ మందుల కంపెనీల మాటలు. మన పెద్దలు ఏకభుక్తం చేసి వందేళ్ళు బతికారు. పెద్దవయసులో ఒంటిపూట చాలు. తెల్లబియ్యం మానిపించి సిరిధాన్యాలు పెట్టండి, పొద్దున్న రాగిజావ ఇవ్వండి. మూడు నెలల్లో మాత్రలన్నీ పారేస్తారు.

మెట్రోపిల్లర్_1083 | సోమవారం, ఉదయం 9:52

అన్నయ్యా, ఏడు కిలోలు తగ్గిన మనిషికి ఒంటిపూటా?

మా పక్కింటి పిన్నిగారు షుగర్‌కి గ్లిమిపిరైడ్ వేసుకుని శనివారం ఒంటిపూట ఉండేవారు. మాత్ర మాత్రం మానలేదు, "మందుకి ఉపవాసం ఏంటి" అని. సాయంత్రం నాలుగింటికి వంటింట్లో పడిపోయారు. షుగర్ 48కి పడిపోయింది. తలుపు లోపల గడియ. నేనూ మా తమ్ముడూ బాల్కనీ మీదుగా ఎక్కి తీశాం. ఆ మందు వాడుతూ పూట ఎగ్గొడితే ఏమవుతుందో ఆ రోజు కళ్ళారా చూశాను. ఒక్కరే ఉండేవాళ్ళకి ఉపవాసం సంగతి డాక్టరుకి తెలియాలి, పక్కింటివాళ్ళకీ తెలియాలి.

తార్నాక_డైటీషియన్ | సోమవారం, ఉదయం 10:20

రాగిజావని నేను కాదనను. లెక్క మాత్రం చూద్దాం. 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకి అటూ ఇటూగా కాల్షియం ఉంది. జావలో వేసేది రెండు చెంచాల పిండి, అంటే 20 గ్రాములు, దాంతో వచ్చేది 70. గ్లాసెడు పాలల్లో దానికి మూడింతలు. నీళ్ళ జావ గ్లాసుడు తాగితే కడుపు నిండిపోయి మధ్యాహ్నం అన్నం సగం వదిలేస్తారు. జావ కాచాలంటే పాలల్లో కాచండి, లేదా చల్లారాక గట్టి మజ్జిగ కలపండి.

మా ఇల్లు జాతీయ పోషకాహార సంస్థ గోడకి దగ్గర. 1918లో కూనూరులో బెరిబెరి మీద పరిశోధనకి మొదలై, 1958లో మన తార్నాకకి వచ్చిన సంస్థ. ఊరంతా మాత్రం పోషకాహారం యూట్యూబ్‌లో నేర్చుకుంటోంది. వాళ్ళు 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజు కంచం లెక్క ఉంది. 2000 కేలరీల మనిషికి ధాన్యం 250 గ్రాములు, పప్పులూ గుడ్డూ మాంసం కలిపి 85, పాలూ పెరుగూ 300 మిల్లీలీటర్లు, కూరగాయలు 400. పెద్దావిడకి ధాన్యం ఇందులో సగమైనా సరే, పప్పూ పెరుగూ తగ్గించకండి.

చిక్కడపల్లి_మనవడు | సోమవారం, మధ్యాహ్నం 1:10

ఒంటిపూట మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మా బామ్మ ముప్ఫై రెండేళ్ళు రాత్రి అన్నం తినలేదు. తాతయ్య పోయాక మొదలైంది. భర్త పోయిన ఆడది రెండోపూట అన్నం తినకూడదని వాళ్ళ పుట్టింటి పట్టింపు. రాత్రికి ఫలహారం, అంటే మా ఇంట్లో అరగిన్నె ఉప్మా. ఉల్లిపాయ కూడా ఉండేది కాదు. చివరి పదేళ్ళూ నడుం వంగిపోయి గోడ పట్టుకుని నడిచింది. ఇంట్లో అందరూ "బామ్మకి ఆకలి తక్కువ" అనేవాళ్ళు. నేనూ అన్నాను.

ఇప్పుడు మా అత్త అదే మొదలుపెట్టింది. ఎమ్మే చదివింది, బ్యాంకులో చేసింది. ఎవరూ చెప్పలేదు, తనే.

తార్నాక_డైటీషియన్ | సోమవారం, మధ్యాహ్నం 2:35

పట్టింపుతో కొట్లాడితే మీరే ఓడిపోతారు. ఫలహారమనే కదా అంటున్నారు. ఉప్మా బదులు పెసరట్టు వెయ్యమనండి. 50 గ్రాముల పెసలు నానబోస్తే రెండట్లు, 11, 12 గ్రాముల ప్రోటీన్. పక్కన కప్పు పెరుగు. శాస్త్రం చెడదు, నడుమూ చెడదు.

ఉలవచారు | సోమవారం, మధ్యాహ్నం 2:41

అల్లం ముక్క మర్చిపోవద్దు, అదే అసలు శాస్త్రం.

టీచరమ్మ_74 | సోమవారం, రాత్రి 8:25

పొద్దుటి నుంచి చదువుతున్నాను. మీరందరూ మా గురించి మంచిగానే మాట్లాడుతున్నారు, కానీ మేము గదిలో లేనట్టు మాట్లాడుతున్నారు. కాబట్టి గదిలోకి వచ్చాను.

నాకు 74. వనస్థలిపురంలో ఒక్కదాన్నే ఉంటున్నాను, తొమ్మిదేళ్ళయింది. లెక్కల టీచర్ని. మొదటి ఏడాది నేనూ పెరుగన్నమే.

అమ్మాయ్, మీ అమ్మ "నా ఒక్కదానికేం వండుకుంటానే" అంటే నువ్వు బద్ధకం అనుకుంటున్నావో, దిగులు అనుకుంటున్నావో. రెండూ కొంచెం కొంచెం ఉంటాయి. ముఖ్యమైనది ఇంకోటి. యాభై ఏళ్ళు నా చెయ్యి ఆరుగురికి వండింది. పప్పుకి నీళ్ళెన్నో, చారుకి ఉప్పెంతో చేతికే తెలుసు. ఒక్క మనిషికి వండబోతే ఆ చెయ్యి పనికిరాకుండా పోయింది. ఉప్పు ఎక్కువయ్యేది. పోపు మాడిపోయేది, పెద్ద మూకుట్లో చెంచాడు నూనె ఎక్కడుందో కనపడదు కదా. చేసిందేమో మూడు రోజులు వచ్చేది. మూడో రోజు బెండకాయ కూర ఎవరు తింటారు? పారబొయ్యడానికి ప్రాణం ఒప్పదు. అందుకని వండడమే మానేశాను. పెరుగన్నంలో కొలత తప్పదు, పారబొయ్యాల్సింది ఏమీ ఉండదు.

రెండో సంగతి చెబితే నవ్వుతారు. ఒకరోజు రైతు బజార్లో నిలబడితే కూరల అబ్బాయి "ఏం కావాలమ్మా" అన్నాడు. నోరు తెరిచి ఆగిపోయాను. నాకేం కావాలో నాకు తెలియలేదు. మా వారికి గుత్తివంకాయ. పెద్దవాడికి దొండకాయ వేపుడు. చిన్నదానికి ఆలుగడ్డ తప్ప ఏదీ వద్దు. నాకు? అలవాటుగా వంకాయలే కొన్నాను. ఇంటికొచ్చి వండి, తింటూ ఉంటే తెలిసింది, వంకాయంటే నాకు అసలు ఇష్టం లేదు. నలభై మూడేళ్ళు వండాను.

తర్వాత లెక్కల టీచర్ని కదా, సరిచేసుకున్నాను. లీటరున్నర కుక్కరు, అరచేతంత మూకుడు కొన్నాను. పెద్ద గిన్నెలన్నీ అటక మీదకి ఎక్కించాను, ఎదురుగా ఉంటే చెయ్యి వాటి మీదకే పోతుంది. కుక్కర్లో కింద పప్పు గిన్నె, పైన బియ్యం గిన్నె. పప్పులో ఆ రోజు ఏ ఆకు దొరికితే ఆ ఆకు. గ్యాసు ఒక్కసారే వెలిగించేది. రాత్రికి అట్టు. పెసలో, అలసందలో, మినపపప్పో, ఒక రుబ్బు మూడు రాత్రులకి ఫ్రిజ్‌లో ఉంటుంది. పొద్దున్న గుప్పెడు పల్లీలు ఉడకబెట్టుకుంటాను, వేయిస్తే నా పళ్ళకి పడవు.

ఇంకోటి. కంచంలో పెట్టుకుని, కూర్చుని తినాలి. పొయ్యి దగ్గర నిలబడి గిన్నెలోంచి తింటే అది తిన్నట్టు కాదు, గిన్నె కడగడం తప్పించుకున్నట్టు.

నల్లకుంట_అమ్మాయి | సోమవారం, రాత్రి 9:50

టీచరమ్మా, మీ పోస్టు చదివి అమ్మకి ఫోన్ చేశాను. "అమ్మా, నీకే కూర ఇష్టం?" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మీ నాన్నకి బీరకాయ..." అని మొదలుపెట్టింది. "నాన్నకి కాదే, నీకు" అన్నాను. "పాలు పొంగుతున్నాయి, పెట్టేస్తున్నా" అని ఫోన్ పెట్టేసింది. రాత్రి తొమ్మిదింటికి పాలేం పొంగుతాయి?

జొన్నగటక | మంగళవారం, ఉదయం 6:30

మీ ముచ్చట మంచిగనే ఉన్నది గని, అందరి కథ ఒక్కతీరుగ ఉండదు అక్కా.

మా అత్తమ్మ ఉప్పల్ దగ్గర ఒక్క రూముల కిరాయికి ఉంటది. మేం పనికి ముంబై వోయినం, ఆమె రానన్నది. సర్కారిచ్చే ఆసరా పింఛను నెలకు 2016 రూపాలు. రేషన్ల ఇప్పుడు సన్నబియ్యం ఇస్తున్నరు, మనిషికి ఆరు కిలోలు, అన్నానికి ఫికర్ లేదు. గందుకే అన్నమే తింటది. కందిపప్పు రేటు జూసి పప్పు కొనుడే బంద్ వెట్టింది. అన్నం, పచ్చిపులుసు, మిరం. పొద్దుగాల చాయల రెండు బన్నులు. ఆమెకు ఏ కూర ఇష్టమో ఆమెకు మంచిగ ఎరుకే, మటన్. ఎవలు వెడ్తరు?

గ సర్కారు ఐదు రూపాల భోజనం కాడికి వొమ్మన్న. అన్నం, పప్పు, కూర అన్నీ వెడ్తరు. రెండు దినాలు వోయింది. లైన్ల నిలబడాలె, నిలబడే తినాలె, మోకాళ్ళు వశమైతలేవని బంద్ జేసింది.

తార్నాక_డైటీషియన్ | మంగళవారం, ఉదయం 8:40

మీరు అన్నది నిజం. మేము ఆకలి లేని వాళ్ళ గురించే మాట్లాడుకుంటున్నాం.

చేతిలో తక్కువ డబ్బుంటే మొదట గుడ్డు. ఒక్క గుడ్డులో 6 గ్రాముల ప్రోటీన్, అదీ ఒంటికి బాగా పట్టేది, మెత్తగా ఉంటుంది, బి12 కూడా వస్తుంది. మీ అత్తమ్మ గుడ్డు తింటారు కాబట్టి రోజుకొకటి ఉడకబెట్టుకోమనండి. రెండోది అలసందలూ శనగలూ, గుడాలు (గుగ్గిళ్ళు) వేసుకోవడానికి. కందిపప్పు కంటే చౌక దొరికితే కందిపప్పే కావాలని ఏమీ లేదు. పచ్చిపులుసులో నువ్వులో పల్లీలో వేయించి పొడి కొట్టి వెయ్యమనండి. అన్నం తిన్న వెంటనే చాయ్ వద్దు, గంట ఆగాలి. తిండిలో ఇనుముని చాయ్ అడ్డుకుంటుంది.

ఆ భోజనం ఒక్కసారి లైన్లో నిలబడి డబ్బాలో తెచ్చుకోనిస్తారేమో అడగండి. పక్కింటి పిల్లల చేత తెప్పించుకోగలిగితే మోకాళ్ళకి సుఖం. పెద్దవాళ్ళ సాయానికి 14567 అనే ఫోన్ నంబరు కూడా ఉంది, పింఛను ఆగినా, ఇంకే కష్టమున్నా చెయ్యొచ్చు.

జొన్నగటక | మంగళవారం, ఉదయం 9:05

గుడ్లు మా దోస్తు తోని పంపిస్త. ఇంకో మాట యాదికొచ్చింది. సద్దుల బతుకమ్మకు మేం నువ్వుల పొడి, పల్లి పొడి, పెసర సత్తు చేస్తం, చక్కెర కలిపి. డబ్బల పోస్తె పది పదిహేను దినాలు ఉంటయి. పళ్ళు లేనోళ్ళు గూడ తింటరు. మలీద సుత, రొట్టె, బెల్లం కలిపి చేసే ముద్దలు. పండుగకే ఎందుకు, నెలకోపారి చేసిస్తె అయిపాయె. మీ ప్రోటీన్ పౌడర్ గదే గద అక్కా?

నల్లకుంట_అమ్మాయి | మంగళవారం, ఉదయం 9:20

అదే. డబ్బా మీద కండలు తిరిగిన మనిషి బొమ్మ ఒక్కటే తక్కువ.

పాతబస్తీ_కోడలు | మంగళవారం, మధ్యాహ్నం 12:15

మా కింది పోర్షన్‌లో ఖాలా ఒక్కతే ఉంటారు, 78. పొద్దున్నే ఖిచ్డీ చేసుకుంటారు, మసూర్ పప్పూ బియ్యం కలిపి ఒకే గిన్నెలో. పక్కన నువ్వులూ చింతపండుతో ఖట్టా. కీమా ఉంటే పండగ, లేకపోతే లేదు. అందులోనే పప్పు, అందులోనే నువ్వులు, నమలక్కర్లేదు. మా అమ్మకి నేర్పించాను. ఖట్టాలో ఉప్పు తగ్గించమని చెప్పాలంతే.

బ్యాచిలర్_బాబాయ్ | మంగళవారం, సాయంత్రం 5:00

ఇంత చర్చెందుకండీ? సందుకో కర్రీ పాయింట్ ఉన్న ఊరు మనది. నలభై రూపాయలకి పప్పు ప్యాకెట్, నలభైకి కూర. ఇంట్లో అన్నం పెట్టుకుంటే సరి.

మెట్రోపిల్లర్_1083 | మంగళవారం, సాయంత్రం 5:18

ఆ కూరల్లో నూనె పైకి తేలి దిల్‌సుఖ్‌నగర్ దాకా కనపడుతుంది. బీపీ మనిషికి ఆ ఉప్పేంటి?

బ్యాచిలర్_బాబాయ్ | మంగళవారం, సాయంత్రం 5:25

ఊరగాయ కంటే ఎక్కువ ఉప్పా?

మెట్రోపిల్లర్_1083 | మంగళవారం, సాయంత్రం 5:31

...ఆ మాట నిజమే.

టీచరమ్మ_74 | మంగళవారం, రాత్రి 7:40

బాబాయ్ గారితో సగం ఏకీభవిస్తాను. నేను వారానికి రెండుసార్లు కర్రీ పాయింట్‌కి వెళతాను. కొనేది పప్పు మాత్రమే, వేపుళ్ళు కాదు. ఇంట్లో ఇంకో చారెడు ఉడికించిన ఆకుకూర అందులో కలిపేస్తాను, ఉప్పూ కారం సరిపోతాయి. వంట ఎగ్గొట్టిన రోజు కూడా పప్పు తిన్న రోజే కావాలి, అంతే నా నియమం. ఉప్పు రోజుకి ఐదు గ్రాములు దాటొద్దంటారు కదా, అంటే ఒక చెంచా. ఆవకాయ ముక్క ఒకటి పడితే చెంచాలో ఎంత మిగులుతుందో మీరే లెక్కేసుకోండి. నేను మానలేదు. ముక్క కడిగి తింటున్నాను. తప్పో ఒప్పో.

ఒక సంగతి ఎవరూ రాయలేదు. నీళ్ళు. మేం తాగం. దాహం వెయ్యదు, అది వయసు. వేసినా తాగం. రాత్రి మూడుసార్లు లేవాలి, చీకట్లో పడతామని భయం. గుడికో పెళ్ళికో వెళితే అక్కడ బాత్‌రూమ్ ఎలా ఉంటుందోనని పొద్దున్నుంచే మానేస్తాం. ఇప్పుడు బస్సు ఉచితం కదా, హాయిగా ఊరంతా తిరుగుతున్నాను, కానీ నీళ్ళ సీసా తీసుకెళ్ళి నిండుగా వెనక్కి తెస్తాను. పిల్లలు "నీళ్ళు తాగమ్మా" అంటారు. బాత్‌రూమ్‌కి దారిలో చిన్న లైటు పెట్టించమ్మా అంటే ఎవరూ వినరు. నేను మధ్యాహ్నం మూడింటి లోపల తాగాల్సినవి తాగేస్తాను, రెండు గ్లాసులు మజ్జిగే.

నిర్వాహకులు | మంగళవారం, రాత్రి 10:00

ఇద్దరు సభ్యులు ఇంజెక్షన్ మోతాదులు రాశారు, తీసేశాం. మందుల మోతాదులు ఇక్కడ వద్దు. మూడు నెలల్లో మాత్రలు పారెయ్యమన్న సలహా కింద హెచ్చరిక పెట్టాం. చర్చ తెరిచే ఉంటుంది.

నల్లకుంట_అమ్మాయి | ఐదు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 9:30

చాలామంది మెసేజ్‌లు పెట్టారు, జవాబు ఇవ్వలేకపోయాను. జరిగింది చెబుతాను.

డాక్టర్ పరీక్షలన్నీ చేయించారు. పెద్ద జబ్బేమీ లేదు, ఆ మాట విన్నాక కారులో కూర్చుని ఏడ్చాను. థైరాయిడ్ అదుపు తప్పింది, మాత్ర పరగడుపుకి మార్చాం. గ్యాస్ మాత్ర ఇక అక్కర్లేదేమోనని డాక్టరే మెల్లగా తగ్గిస్తున్నారు. బి12 ఇంజెక్షన్లు మొదలయ్యాయి. పిక్క 31.

అసలు దొంగ మాత్రం దొరికింది. చివర్లో డాక్టర్ "పళ్ళు తియ్యండమ్మా, చూస్తాను" అన్నారు. అమ్మ సంచిలోంచి తీసింది! నోట్లో లేవు. నేను ఇంటికి వచ్చేటప్పుడే పెట్టుకుంటోందట. ఏడాదిగా చిగుళ్ళు కుంచించుకుపోయి పళ్ళు వదులై, నమిలితే పుండు పడుతోంది. బరువు తగ్గేకొద్దీ ఇంకా వదులు. అందుకే కూర లేదు, రొట్టె లేదు, పల్లీ లేదు. పెరుగన్నం అంటే నమలక్కర్లేనిది. "చెప్పలేదేమే?" అంటే "కట్టించిందే నాలుగేళ్ళ కింద, మళ్ళీ అంత ఖర్చా" అంది. నేను పద్నాలుగు నెలలూ దిగులనుకున్నాను. తార్నాక గారు మొదటిరోజే అడిగారు. "బాగానే ఉన్నాయంటుంది" అని రాసేసి ఊరుకున్నాను.

కొత్తవి వచ్చేదాకా ఖిచ్డీ, మెత్తటి పెసరట్టు, పాల జావ, జొన్నగటక గారి సత్తు. సత్తు మాత్రం వాచ్‌మన్ పిల్లాడికి వెళ్ళట్లేదు, దాచుకుని తింటోంది.

పై అంతస్తు ఆంటీ కూడా ఒక్కరే. వాళ్ళిద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. సోమ, బుధ, శుక్ర అమ్మ పప్పు, ఆంటీ కూర. మిగతా రోజులు తిరగేసి. గిన్నె ఖాళీగా వెనక్కి పంపకూడదన్న పాత పట్టింపొకటి ఉంది కదా, దాంతో రోజూ ఏదో ఒకటి ఎక్కువే వండుతోంది. మొదటి వారం ఉప్పు మీద గొడవపడి రెండు రోజులు మాట్లాడుకోలేదు. మళ్ళీ కలిశారు. బరువు 52.2.

ఉలవచారు | ఆదివారం, రాత్రి 9:44

సంచిలో పళ్ళా! రేపే మా అమ్మ దగ్గరకి చెప్పకుండా వెళుతున్నా.

జొన్నగటక | ఆదివారం, రాత్రి 10:02

మంచిగైంది అక్కా. మా అత్తమ్మ గుడ్లు తింటున్నది. మటన్ గురించి ఇంక అడుగుతనే ఉన్నది.

టీచరమ్మ_74 | ఆదివారం, రాత్రి 10:15

ఇంతకీ మీ అమ్మకి ఏ కూర ఇష్టమో తేలిందా?

నల్లకుంట_అమ్మాయి | ఆదివారం, రాత్రి 10:31

తేలింది టీచరమ్మా. ముల్లంగి. నాన్నకి ఆ వాసన పడదని నలభై ఆరేళ్ళు ఇంట్లోకి రానివ్వలేదట. నాకసలు తెలియదు. నిన్న బండి మీద కొని పులుసు పెట్టింది. ఇల్లంతా వాసన. కిటికీలు తెరవబోతే "ఉండనీవే" అంది.

టీచరమ్మ_74 | ఆదివారం, రాత్రి 10:38

ముల్లంగి ఆకు పారెయ్యొద్దని చెప్పు. సన్నగా తరిగి పప్పులో వేసుకోమను.